ఇనిలక్టబుల్: ఎంత గింజుకున్నా వదలని మాటను సరిగ్గా వాడడం ఎలా?

‘అనివార్యం’ అనడానికి ఇంగ్లీషులో ఇనెవిటబుల్ ఉంది కదా, మళ్ళీ ఈ ఇనిలక్టబుల్ ఎందుకు? ఎక్కడ వాడాలి, ఎలా పలకాలి? ఒంగోలులో, నెల్లూరులో పోటీపరీక్షలకు చదివే పిల్లలు, ఇంగ్లీషు చెప్పే మాస్టర్లు, అనువాదం చేసేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. నిఘంటువు తిరగేస్తే రెండింటికీ ఒకే అర్థం కనిపిస్తుంది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే వ్యాకరణం చెడదు గానీ, చదివేవాళ్ళకు పంటికింద రాయి తగిలినట్టు ఉంటుంది.

కింది మెట్లు వరసగా ఎక్కండి. మిగతావి ఒకసారి చదివి వదిలేసినా పరవాలేదు. నాలుగోది, ఆరోది మాత్రం పెన్ను పట్టుకుని రాసి చేయండి.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ఒక నోటుపుస్తకం. కుడివైపు ఇంగ్లీషు, ఎడమవైపు తెలుగు రాయడానికి పేజీని నిలువుగా మడవండి.

☐ ఉచ్చారణ వినిపించే నిఘంటువు ఒకటి, ఫోనులో.

☐ మీరు ఇంగ్లీషులో చెప్పదలుచుకున్న మాట, ముందు తెలుగులో. ఇంట్లో మనిషికి చెప్పినట్టు రాసుకోవాలి, పేపరు భాషలో కాదు.

ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో బరువుగా కనిపించే మాట కోసం వెతుక్కుంటారు. అప్పుడు చేతికి దొరికిన మాటకు తగ్గట్టు భావాన్ని వంచాల్సి వస్తుంది. తెలుగు వాక్యం ముందు కాగితం మీద ఉంటే, ఏ మాట కావాలో ఆ వాక్యమే చెబుతుంది. ఎలా చెబుతుందో నాలుగో మెట్టులో చూద్దాం.

2. మాటను నాలుగు ముక్కలు చేయండి

అక్షరాలు పదకొండు: ఐ, ఎన్, ఈ, ఎల్, యు, సి, టి, ఏ, బి, ఎల్, ఈ. లాటిన్ నుంచి వచ్చిన మాట. ఇలా విడదీయండి:

• ఇన్: కాదు, వీల్లేదు

• ఈ: బయటికి

• లక్ట్: కుస్తీ పట్టడం, పెనుగులాడడం

• ఏబుల్: వీలైన

కలిపితే ‘పెనుగులాడి బయటపడడానికి వీల్లేనిది’. ఈ మాట ప్రాణమంతా మూడో ముక్కలోనే ఉంది.

కళ్ళకు కట్టాలంటే మైపాడు ఒడ్డున వల దులిపేటప్పుడు దగ్గరగా చూడండి. చేప తల వల కంట్లో దూరింది. ఒళ్ళు పట్టదు గనక ముందుకు పోలేదు. వెనక్కి గుంజుకుంటే దారం మొప్పల కింద పడుతుంది. గుంజుకున్న కొద్దీ బిగుస్తుంది. తోక కొడుతుంది, పొలుసులు రాలతాయి, దారం మాత్రం వదలదు. ఆ చేప పరిస్థితి ఇనిలక్టబుల్. పెనుగులాట ఉంది, బలం ఉంది, ప్రయత్నలోపం లేదు. అయినా బయటపడే దారి లేదు.

వల పడకముందే చేప పక్కకు తప్పుకోవడానికి వీల్లేకపోతే అది ఇనెవిటబుల్. పట్టుబడ్డాక విడిపించుకోలేకపోవడం ఇనిలక్టబుల్. ఈ తేడా మనసులో పడితే సగం పని అయినట్టే.

ఇదే మూలం నుంచి వచ్చిన మాట ఒకటి మీరు రోజూ వాడుతూనే ఉంటారు: రిలక్టెంట్. దాని మూలార్థం ఎదురు పెనుగులాడడం. ఇష్టం లేని పనికి ఒళ్ళు వెనక్కి లాగడం అన్నమాట. రిలక్టెంట్ గుర్తుంటే ఇనిలక్టబుల్ మరిచిపోరు, స్పెల్లింగూ తప్పదు. రెండింటిలోనూ ఎల్, యు, సి, టి వరసగా ఉంటాయి.

3. నోటికి అలవాటు చేసుకోండి

పలకడం ఇలా: ఇ–ని–లక్–ట–బుల్. ఊనిక, అంటే గొంతు ఒత్తి పలికే చోటు, మూడో భాగం మీద. అదృష్టాన్ని ఇంగ్లీషులో లక్ అంటాం కదా, శబ్దం అచ్చంగా అదే. అర్థానికి మాత్రం ఏ సంబంధమూ లేదు.

మనవాళ్ళ నోట ఎక్కువగా వినబడే తప్పులు నాలుగు.

‘యినిలక్టబుల్’ అనడం. మాట మొదట్లో ఇకారం వస్తే యకారం చేర్చడం మన నాలుకకు అలవాటు. ముందు ‘ఇన్’ విడిగా అని, ఆగి, తర్వాత ‘ఇలక్టబుల్’ అనండి. పది సార్లకు సర్దుకుంటుంది.

‘ఇన్–ఎలెక్టబుల్’ అనడం. ఇది మహా ప్రమాదం. అలా అంటే ఎన్నికల్లో గెలవలేని మనిషి అని వినబడుతుంది. రాతలోనూ ఎల్ తర్వాత యు బదులు ఈ పడితే అర్థం ఎన్నికల వైపు పోతుంది.

చివర ‘టేబుల్’ అనడం. రాతలో బల్ల పేరు కనిపిస్తుంది గానీ నోట్లో అది పొట్టి ‘ట’. తేలిగ్గా తాకి వదలాలి.

అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలకడం. తెలుగుకు అది అందం, ఇంగ్లీషుకు కాదు. ‘లక్’ దగ్గర బల్ల మీద వేలితో ఒక్క దెబ్బ వేస్తూ చదవండి. దెబ్బ పడిన చోటే గొంతు లేవాలి.

నామవాచకం ఇనిలక్టబిలిటీ. ఇందులో ప్రధాన ఊనిక ‘లక్’ మీద నుంచి ‘బి’ మీదికి జరుగుతుంది. క్రియావిశేషణం ఇనిలక్టబ్లీలో మళ్ళీ ‘లక్’ మీదే.

చివర ఏబుల్ రాయాలా, ఐబుల్ రాయాలా అన్న సందేహం మామూలే. ఇక్కడ ఏ అక్షరమే. ఇనెవిటబుల్, ఇనెక్సరబుల్, ఇనెస్కేపబుల్, ఇనిలక్టబుల్ నాలుగింటికీ ఏ అక్షరమే. ఇర్రెసిస్టిబుల్‌కు మాత్రం ఐ. అందుకే దాన్ని ఈ వరసలో కలపకండి.

4. ‘ఎంత గింజుకున్నా’ పరీక్ష

ముందు రాసుకున్న తెలుగు వాక్యం తీయండి. అందులో ‘ఎంత గింజుకున్నా’ అన్న రెండు మాటలు చేర్చి పైకి చదవండి. అతికినట్టు కుదిరితే ఇనిలక్టబుల్. ఎబ్బెట్టుగా ఉంటే వేరే మాట వెతకాలి.

వడ్డీ లెక్క ఒకటి తీసుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ మీద లక్ష రూపాయలు తెచ్చిన రైతు ఉన్నాడు. నెలకు 2,500 కంటే కట్టలేడు.

• మొదటి నెల వడ్డీ 3,000. కట్టింది 2,500. బాకీ 1,00,500.

• రెండో నెల వడ్డీ 3,015. కట్టింది 2,500. బాకీ 1,01,015.

• మూడో నెల వడ్డీ 3,030 దాటింది. కట్టేది అదే 2,500.

నెల తప్పకుండా కడుతున్నాడు, అప్పు మాత్రం పెరుగుతోంది. ‘ఎంత గింజుకున్నా ఆ అప్పు తీరదు’ అంటే తెలుగు వాక్యం నిండుగా ఉంది. కాబట్టి ఇంగ్లీషులో ‘ది ఇనిలక్టబుల్ అరిథ్‌మెటిక్ ఆఫ్ డెట్’ అనొచ్చు. మాట ఇక్కడ తన బరువు తాను మోస్తుంది. ఎందుకంటే ఆ మనిషి నెలనెలా పెనుగులాడుతున్నాడు, ఆ లెక్క అతన్ని వదలడం లేదు.

ఒక జాగ్రత్త. ఇక్కడ ఇనిలక్టబుల్ అన్నది లెక్కను, ఆ రైతు తలరాతను కాదు. వడ్డీ రూపాయికి దిగితే లెక్క మారిపోతుంది: నెలకు 1,000 వడ్డీకి, 1,500 అసలుకు పోతుంది. ‘ఈ షరతుల కింద’ తప్పించుకోలేనిది అని వాక్యంలో ఎక్కడో తెలిసేలా రాయాలి.

ఇంకో వాక్యం: ‘సంక్రాంతికి బస్సులన్నీ కిక్కిరిసిపోతాయి.’ ఇందులో ఎంత గింజుకున్నా చేర్చండి. ‘ఎంత గింజుకున్నా సంక్రాంతికి బస్సులు కిక్కిరిసిపోతాయి.’ ఎవరు గింజుకున్నారు? ఎవరూ లేరు. ఇది ఇనెవిటబుల్‌తో సరిపోయే వాక్యం.

5. దగ్గరి మాటల్లో ఏది ఎప్పుడు

ఇలాంటి పరీక్షే మిగతా మూడు మాటలకూ ఉంది. నాలుగూ కలిపి నోటుపుస్తకంలో అట్ట లోపలివైపు రాసుకోండి.

• ఎంత పక్కకు తప్పుకున్నా: ఇనెవిటబుల్

• ఎంత బతిమాలినా: ఇనెక్సరబుల్

• ఎంత దూరం పారిపోయినా: ఇనెస్కేపబుల్

• ఎంత గింజుకున్నా: ఇనిలక్టబుల్

ఇవి గుర్తుపెట్టుకోవడానికి కల్పించిన చిట్కాలు కావు. ఆ మాటల మూలార్థాలే ఇవి. ఇనెవిటబుల్‌లో ఉన్న లాటిన్ క్రియకు తప్పుకోవడం, దూరంగా ఉండడం అని అర్థం. ఇనెక్సరబుల్‌లో ఉన్నది వేడుకోవడం. ఇనెస్కేపబుల్‌లో ఉన్నది మరీ ముచ్చటైన బొమ్మ: పట్టుకోవడానికి వచ్చినవాడి చేతిలో పైబట్ట వదిలేసి జారుకోవడం. భుజం మీద కండువా పట్టుకుంటే కండువా వదిలి పరుగెత్తినట్టు.

ఇనెవిటబుల్ అందరి మాట. ఎక్కడైనా ఒదుగుతుంది. ‘ఎప్పుడూ ఉండేదే’ అని చనువుగా చెప్పడానికి కూడా అదే. నెల్లూరు ఇంటికి చుట్టం వస్తే చేపల పులుసు ఉండితీరుతుంది కదా, దాన్ని ‘ది ఇనెవిటబుల్ ఫిష్ కర్రీ’ అంటే చదివేవాళ్ళు నవ్వుకుంటారు. ‘ఇనిలక్టబుల్ ఫిష్ కర్రీ’ అంటే పులుసుతో కుస్తీ పట్టినట్టు అవుతుంది.

ఇనెక్సరబుల్‌కు రెండు వాడుకలు. ఒకటి, కనికరం లేని మనిషి: వాయిదా అడిగితే ఒప్పుకోని అప్పులవాడు. రెండోది, నెమ్మదిగా, ఆగకుండా ముందుకు వచ్చేది: చెరువులో ఏటేటా పేరుకునే పూడిక, ఎండాకాలం మొదలయ్యాక రోజురోజుకూ దిగే బావి నీళ్ళు. కదలిక ఉంటే ఇనెక్సరబుల్, పట్టు ఉంటే ఇనిలక్టబుల్. ఇనిలక్టబుల్‌ను మనుషులకు వాడరు. ‘ఇనిలక్టబుల్ మేనేజర్’ అన్నది వాక్యమే కాదు.

ఇక అన్అవాయిడబుల్. ఇది కాగితాల మీది మాట, ఆఫీసు మాట. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి రైళ్ళు రద్దయ్యాయి. ఆ రద్దు అన్అవాయిడబుల్. పట్టాల కింద మట్టి లేనప్పుడు రైలు నడపలేరు. అందులో తలరాత లేదు, తత్వం లేదు. అలాంటిచోట ఇనిలక్టబుల్ వాడితే రైల్వే నోటీసు కాస్తా పురాణంలా వినిపిస్తుంది.

6. ‘తప్పనిసరి’ దగ్గర పడే గొయ్యి

తెలుగువాళ్ళు ప్రత్యేకంగా చేసే తప్పు ఇది. కారణం మన భాషలోనే ఉంది. ‘తప్పదు’ అన్న ఒక్క మాటతో మనం కనీసం నాలుగు పనులు చేయించుకుంటాం.

• హెల్మెట్ పెట్టుకోక తప్పదు: ఇది నిబంధన. మ్యాండేటరీ లేదా కంపల్సరీ.

• ఈ నెల ఊరికి వెళ్ళక తప్పదు: ఇది అవసరం. నెసెసరీ, లేదా హ్యావ్ టు.

• వానాకాలంలో దోమలు తప్పవు: ఇది ఎదురుచూసేదే. ఇనెవిటబుల్.

• ఎంతటివాడికైనా చావు తప్పదు: ఇక్కడ మాత్రమే ఇనిలక్టబుల్ కుదురుతుంది. ఇక్కడా ఇనెవిటబుల్ తప్పు కాదు.

నిఘంటువులో ఇనిలక్టబుల్ పక్కన ‘తప్పనిసరి’ అని చూసి, ‘హాల్ టికెట్ ఈజ్ ఇనిలక్టబుల్’ అని రాసేస్తారు. హాల్ టికెట్ లేకపోతే లోపలికి రానివ్వరు, అంతే. అది మనిషి పెట్టిన నియమం, రేపు మనిషే తీసేయొచ్చు. మనుషులు పెట్టి మనుషులు తీసేయగలిగిన దేనికీ ఈ మాట పనికిరాదు.

‘అనివార్య కారణాల వల్ల’ అన్నది ఇంకో గొయ్యి. సెలవు చీటీలో, సభ వాయిదా ప్రకటనలో మనం అలవాటుగా రాసే మాట అది. ఇంగ్లీషులో దానికి స్థిరపడిన రూపం ‘డ్యూ టు అన్అవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్’. అక్కడ ఇనిలక్టబుల్ పెడితే, జ్వరం వచ్చి రెండు రోజులు సెలవు అడిగిన మనిషి విధితో పోరాడి ఓడినట్టు ఉంటుంది. సెలవు చీటీ, బ్యాంకు ఉత్తరం, కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీ, పోలీసు ఫిర్యాదు: ఈ నాలుగింటిలో ఇనిలక్టబుల్ అసలు వాడకండి.

చేయాల్సిన పని: ‘తప్పదు’, ‘తప్పనిసరి’, ‘అనివార్యం’ వచ్చే పది తెలుగు వాక్యాలు ఇవాళ్టి పేపరులోంచి ఎత్తి రాయండి. ఒక్కొక్కదాని పక్కన నిబంధనా, అవసరమా, ఎదురుచూసేదా, విడిపించుకోలేనిదా అని గుర్తు పెట్టండి. పదింటిలో ఒకటి ఇనిలక్టబుల్‌కు తేలితే గొప్ప. ఒక్కటీ తేలకపోతే మీ పరీక్ష తప్పినట్టు కాదు. ఆ మాట అంత అరుదుగానే పనికొస్తుంది.

7. వాక్యంలో కూర్చే పద్ధతి

ముందు వచ్చే ఆర్టికల్ ‘యాన్’. మొదటి ధ్వని అచ్చు కాబట్టి ‘ఏ ఇనిలక్టబుల్’ తప్పు.

దీని స్థానం సాధారణంగా నామవాచకానికి ముందు. సహజంగా కలిసే నామవాచకాలు కొన్నే: ఫేట్, డెస్టినీ, ఫ్యాక్ట్, ట్రూత్, లాజిక్, కన్‌క్లూజన్. వీటిలో ఒకటి మీ వాక్యంలో లేకపోతే ఒకసారి ఆగి ఆలోచించండి. ‘డెత్ ఈజ్ ఇనిలక్టబుల్’ అని చివర పెట్టడమూ సరైనదే, కాకపోతే తక్కువ.

‘వెరీ’, ‘మోర్’, ‘మోస్ట్’ చేర్చకూడదు. విడిపించుకోలేనిదానిలో కొంచెం, ఎక్కువ అని ఉండవు. తెలుగులో ‘చాలా అనివార్యం’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ‘సీమింగ్లీ’ మాత్రం కుదురుతుంది: పైకి తప్పించుకోలేనట్టు కనిపిస్తోంది గానీ దారి ఉంది అని చెప్పాల్సినప్పుడు.

క్రియావిశేషణం ఇనిలక్టబ్లీ. ఎక్కువగా లీడ్, డ్రా లాంటి క్రియలతో వస్తుంది. ‘వన్ లై లెడ్ ఇనిలక్టబ్లీ టు అనదర్’: ఒక అబద్ధం చెప్పాక, ఎంత ఆపుకున్నా ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఈ మాటకు ఇంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం.

నామవాచకం వెనక ఆఫ్ వస్తుంది: ‘ది ఇనిలక్టబిలిటీ ఆఫ్ ఏజింగ్’, ముసలితనం నుంచి తప్పించుకోలేకపోవడం. స్పెల్లింగులో బి తర్వాత ఐ, ఎల్, ఐ, టి, వై.

‘ఇట్ ఈజ్ ఇనిలక్టబుల్ దట్’ అని వాక్యం మొదలుపెట్టకండి. ఆ కూర్పు ఇనెవిటబుల్‌ది. ‘ఇనిలక్టబుల్ టు గో’ లాంటివి అసలే కుదరవు.

వ్యాసంలో ఒక్కసారి చాలు. రెండోసారి కనిపిస్తే చదివేవాళ్ళకు మాట తప్ప విషయం కనబడదు. ఆ ఒక్కసారీ చుట్టూ ఉన్న మాటలు తేలికగా ఉండాలి. ఒకే వాక్యంలో మూడు బరువైన మాటలు పెడితే ఒకదాన్ని ఒకటి తొక్కేస్తాయి.

పరీక్ష రాసేవాళ్ళకు: పర్యాయపదం అడిగితే ఇనెవిటబుల్, ఇనెస్కేపబుల్, అన్అవాయిడబుల్‌లో ఏది ఉంటే అది పెట్టండి. వ్యతిరేకం అడిగితే అవాయిడబుల్. అక్కడ పైన చెప్పిన సూక్ష్మాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఐచ్ఛికాల్లో ఇనెఫబుల్ కనబడితే మోసపోకండి, అది మాటల్లో చెప్పలేనిది అని. ఇనెలిజిబుల్ అంటే అర్హత లేనిది. ఇండెలిబుల్ అంటే చెరిగిపోనిది, ఓటు వేసినప్పుడు వేలికి పెట్టే సిరాకు వాడే మాట.

8. ఈ మాటతో తప్పు దాచకండి

వ్యాకరణం చెడకుండానే ఈ మాటతో పెద్ద తప్పు చేయొచ్చు. ఆపగలిగినదాన్ని ఆపలేనిది అని రాయడం. భాషలో అందంగానే ఉంటుంది, నిజానికి అన్యాయం జరుగుతుంది.

కనిగిరి వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు పట్టేసి, నడుములు వంగిపోయినవాళ్ళు ఉన్నారు. దాని గురించి రాస్తూ ‘ది ఇనిలక్టబుల్ ఫేట్ ఆఫ్ ది విలేజెస్’ అంటే వినడానికి గంభీరంగా ఉంటుంది. కానీ అది ఫేట్ కాదు. భూమిలోంచి తోడిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, దాని బదులు మంచి నీళ్ళు తెచ్చి ఇస్తే కొత్తగా పెరిగే పిల్లలకు ఆ జబ్బు రాదు. పైపు వేస్తే ఆగేదాన్ని విధి అంటే, పైపు వేయాల్సినవాళ్ళ పేరు వాక్యంలోంచి మాయమైపోతుంది.

తీరం వెంట బావులు ఉప్పుబారడం కూడా ఇలాంటిదే. సముద్రం దగ్గరున్నందుకు అది తప్పదు అంటారు. మంచినీటి పొర కిందికి ఉప్పునీరు చేరి ఉండడం ప్రకృతి. పైనున్న మంచినీళ్ళను వాన నింపేదానికంటే వేగంగా తోడేస్తే ఆ ఖాళీలోకి ఉప్పునీరు ఎక్కి వస్తుంది, అది మనుషుల పని. మొదటిది ఇనిలక్టబుల్ ఫ్యాక్ట్. రెండోది కాదు. ఒకే పేరాలో రెండింటినీ కలిపి రాసేటప్పుడు ఏ సగానికి ఈ మాట అంటుకుంటుందో చూసుకోండి.

రాసిన వాక్యం పంపే ముందు ఈ మూడూ అడగండి:

☐ ఇందులో పెనుగులాడేవాళ్ళు ఎవరు?

☐ వాళ్ళను పట్టుకున్నది ఏమిటి: కాలమా, ప్రకృతి నియమమా, లెక్కా?

☐ డబ్బు, ఉత్తర్వు, శ్రద్ధ పెడితే ఆగేదేనా? ‘అవును’ అని వస్తే మాట కొట్టేయండి.

9. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు

ప్రతిచోటా ‘అనివార్యం’ పెట్టడం తేలికైన పని, కానీ అందులో పెనుగులాట పోతుంది. నివారించలేనిది అనివార్యం. అది ఇనెవిటబుల్‌కు దగ్గర. ఇనిలక్టబుల్‌కు ఒకే తెలుగు మాట కోసం పట్టుబట్టకండి. పక్కనున్న నామవాచకాన్ని బట్టి మార్చండి.

• ఫేట్, డెస్టినీ పక్కన ఉంటే: ఎంత పెనుగులాడినా తప్పని రాత

• ట్రూత్, ఫ్యాక్ట్ పక్కన ఉంటే: ఎంత కాదనుకున్నా కాదనలేని నిజం

• లాజిక్, కన్‌క్లూజన్ పక్కన ఉంటే: ఎటు తిప్పినా అక్కడికే తేలే లెక్క

• ఇనిలక్టబ్లీ క్రియతో వస్తే: ‘చివరికి... క తప్పలేదు’. వాక్యం చివర ‘చెప్పక తప్పలేదు’, ‘అమ్ముకోక తప్పలేదు’ అంటే పెనుగులాట తనంతట తానే వినిపిస్తుంది.

శాస్త్ర, తత్వ గ్రంథాల్లో బిగుతైన మాటే కావాలంటే ‘అపరిహార్యం’ ఉంది. ‘అవశ్యంభావి’ అనేది జరిగి తీరేదాన్ని చెబుతుంది, జరగబోయే సంఘటనకు నప్పుతుంది, ఇప్పటికే పట్టుకుని ఉన్నదానికి నప్పదు. కథలో, మాటల్లో మాత్రం ఈ రెండూ వద్దు. ఎవరి నోటా రాని మాటను పాత్ర నోట పెట్టకూడదు.

10. సాధన

కింది ఆరు వాక్యాలకు సరైన ఇంగ్లీషు మాట ఎంచండి. జవాబులు చూసేముందు మీది రాసిపెట్టుకోండి.

అ. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి.

ఆ. పొగాకు వేలం రోజులు వచ్చాయంటే ఊళ్ళో ప్రతి అరుగు మీదా ధర గురించే మాట.

ఇ. బండలాగుడులో ఎన్ని పందేలు గెలిచిన ఒంగోలు గిత్తయినా, బండ కదలని రోజు ఒకటి వస్తుంది. కాళ్ళు నేలలో దిగేసి, మెడ సాచి, ఉన్న బలమంతా పెడుతుంది. వయసు వదలదు.

ఈ. అలలు ఏటేటా ఒడ్డును కొంచెం కొంచెంగా కోసుకుపోతున్నాయి.

ఉ. దగ్గరి బంధువు చనిపోవడంతో మీటింగుకు రాలేకపోయాను.

ఊ. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయి మోటారు ఆడక, పొట్టమీదున్న వరి ఎండిపోయింది. అర్జీ ఇచ్చి పదిహేను రోజులైంది.

జవాబులు:

అ. మ్యాండేటరీ. నిబంధన.

ఆ. ఇనెవిటబుల్. ఎప్పుడూ ఉండేదే, పెనుగులాట లేదు.

ఇ. ఇనిలక్టబుల్. ‘ఎంత గింజుకున్నా’ చేర్చి చదవండి, ఒక్క అక్షరం కూడా అడ్డం రాదు.

ఈ. ఇనెక్సరబుల్. నెమ్మదిగా, ఆగకుండా సాగే కదలిక.

ఉ. అన్అవాయిడబుల్. చావు ఇనిలక్టబుల్ కావచ్చు, మీరు మీటింగుకు రాలేకపోవడం కాదు. ఇక్కడ ఎక్కువమంది తప్పుతారు.

ఊ. పై మాటల్లో ఏదీ కాదు. పదిహేను రోజుల్లో ఎప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మార్చినా ఆ పైరు నిలిచేది. ‘ప్రివెంటబుల్’ అని రాసి, అర్జీ ఇచ్చిన తేదీ కూడా వాక్యంలో వేయండి.